ఒలింపిక్స్‌లో కొరియా, బ్రెజిల్ అథ్లెట్లను ఫాలో అవ్వాలంటే

2024 ఆగస్టు 5, సోమవారం. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ ఒక్క రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. మధ్యాహ్నం బ్యాడ్మింటన్ మహిళల సింగిల్స్ ఫైనల్. కొరియా అమ్మాయి ఆన్ సె-యంగ్ చైనాకు చెందిన హె బింగ్‌జియావ్‌ను 21-13, 21-16తో ఓడించింది. నాలుగు రోజుల ముందు మన సింధును ఇంటికి పంపింది ఆ బింగ్‌జియావే. సాయంత్రం ఆరు కావస్తుండగా జిమ్నాస్టిక్స్ ఫ్లోర్ ఫైనల్. బ్రెజిల్‌కు చెందిన రెబెకా ఆండ్రాడేకు 14.166, సిమోన్ బైల్స్‌కు 14.133. తేడా ఎంతో మీరే చూడండి. అదే రోజు టేబుల్ టెన్నిస్ టీమ్ పోటీలో కొరియా, బ్రెజిల్ అమ్మాయిలు ఒకరితో ఒకరు తలపడ్డారు.

ఈ రెండు దేశాల వాళ్లనే ఎందుకు ఫాలో అవుతావని చాలామంది అడుగుతారు. టోక్యో ఒలింపిక్స్‌లో ఆన్ సాన్ విల్లు పట్టుకుని నిలబడిన తీరు, రెబెకా వాల్ట్ మీదికి పరిగెత్తిన తీరు చూశాక ఆగలేకపోయాను. అంతకు మించి కారణం లేదు. మీకూ అలాంటి ఇష్టం మొదలైతే, దాన్ని పదిహేడు రోజులపాటు సరిగ్గా ఎలా నడుపుకోవాలో చెబుతాను. నాకు రెండు ఒలింపిక్స్ పట్టిన పాఠాలివి.

1. ముందు ఆరుగురిని ఎంచుకోండి

దేశం మొత్తాన్ని ఫాలో అవుదామనుకుంటే మూడో రోజుకే అలిసిపోతారు. పారిస్‌కు బ్రెజిల్ నుంచి 270 మందికి పైగా, కొరియా నుంచి 140 మందికి పైగా వెళ్లారు. అంతమందిని ఎవరూ చూడలేరు. అప్పుడు చేతిలో మిగిలేది పతకాల పట్టిక ఒక్కటే. అందులో కొరియా 13 స్వర్ణాలతో 8వ స్థానం, బ్రెజిల్ 3 స్వర్ణాలతో 20వ స్థానం అని ఉంటుంది. మనుషులు కనిపించరు.

ఒక్కో దేశం నుంచి ముగ్గురు చాలు. ఆ ముగ్గురిలో ఒకరు అందరికీ తెలిసినవాళ్లు, ఒకరు మీకు అర్థమయ్యే ఆట ఆడేవాళ్లు, ఒకరు ఎవరూ పట్టించుకోని ఆట ఆడేవాళ్లు అయితే బాగుంటుంది. నా దృష్టిలో మూడో రకం వాళ్లను అస్సలు వదలకూడదు. పారిస్‌లో నా మూడో మనిషి బ్రెజిల్ నడక పందెం ఆటగాడు కయో బోన్‌ఫిమ్. ఆయన తల్లి కూడా ఒకప్పుడు నడక పందెంలో పోటీపడిన మనిషే, ఆయనకు శిక్షణ ఇచ్చిందీ ఆమే. ఆ నడక చూసి వీధిలో జనం నవ్వినా, ఎగతాళి చేసినా సాధన మానలేదు. రియోలో నాలుగో స్థానంతో పతకం చేజారింది. నాలుగో ఒలింపిక్స్ అయిన పారిస్‌లో 20 కిలోమీటర్ల రజతం దక్కింది. 2025లో టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అదే దూరానికి స్వర్ణం కొట్టాడు. ఉదయాన్నే మొదలయ్యే ఆ పందేన్ని చూసేవాళ్లు తక్కువ. చూసినవాళ్లు మాత్రం మర్చిపోరు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పోయినసారి గెలిచినవాళ్లు ఈసారి ఉంటారనుకోవద్దు. ముఖ్యంగా కొరియా విలువిద్యలో. అక్కడ ఒలింపిక్ చాంపియన్ అయినా మళ్లీ సెలక్షన్ పోటీల్లో అందరితో సమానంగా బాణాలు వేయాల్సిందే. టోక్యోలో మూడు స్వర్ణాలు గెలిచిన ఆన్ సాన్‌కు పారిస్ జట్టులో చోటే దొరకలేదు. తుది జట్టు ప్రకటించాకే మీ ఆరుగురి పేర్లు ఖాయం చేసుకోండి.

సోషల్ మీడియాలో వైరల్ అయినవాళ్లను చూసి కూడా తొందరపడకండి. పారిస్‌లో కొరియా షూటర్ కిమ్ యె-జి ప్రపంచమంతా పాకిపోయింది. ఆమె 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో రజతం గెలిచింది, అది గొప్ప విషయమే. కానీ ఆ ఫైనల్లో స్వర్ణం గెలిచిన ఓ యె-జిన్ కూడా కొరియా అమ్మాయే. 25 మీటర్లలో కిమ్ ఒక షాట్ సమయం దాటిపోయి క్వాలిఫికేషన్‌లోనే ఆగిపోతే, అక్కడ స్వర్ణం తెచ్చింది యాంగ్ జి-ఇన్. వాళ్లిద్దరి పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి?

2. పేర్లు నేర్చుకోండి

కొరియా పేర్లు మనకు నిజానికి తేలిక. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. వెన్నం జ్యోతి సురేఖ అన్నట్టే కిమ్ వూ-జిన్. పిలవాల్సిన పేరు వూ-జిన్. చిక్కల్లా ఇంటిపేర్లు కొన్నే ఉండటం. ఒక్క పారిస్‌లోనే విలువిద్యలో కిమ్ వూ-జిన్, కిమ్ జె-డొక్, షూటింగ్‌లో కిమ్ యె-జి, తైక్వాండోలో కిమ్ యు-జిన్, జూడోలో కిమ్ మిన్-జొంగ్. వీళ్లెవరూ చుట్టాలు కారు. స్కోరుబోర్డు మీద ‘కిమ్’ అని చూడగానే సంబరపడకుండా రెండో భాగం చదవడం అలవాటు చేసుకోండి.

బ్రెజిల్ వాళ్లకు ముద్దుపేర్లే అధికారిక పేర్లు అయిపోతాయి. బీచ్ వాలీబాల్ చాంపియన్ దూదా అసలు పేరు ఎదువార్దా. బియాత్రిజ్ అనే పేరున్న ప్రతి అమ్మాయీ ‘బియా’ అవుతుంది. పారిస్‌లో జూడోలో స్వర్ణం గెలిచిన బియా సౌజా, బాక్సింగ్‌లో కాంస్యం గెలిచిన బియా ఫెరేరా, టెన్నిస్‌లో బియా హద్దాద్ మాయా ముగ్గురూ ఉన్నారు. ఇంకో సంగతి, పోర్చుగీసులో పేరు మొదట్లో వచ్చే ‘ర’ను బ్రెజిల్‌లో ఎక్కువగా ‘హ’ అని పలుకుతారు. వాళ్ల కామెంటరీ వింటే రెబెకా ‘హెబెకా’, స్కేట్‌బోర్డర్ రైసా లియాల్ ‘హైసా’ అని వినిపిస్తుంది. ఇది తెలియక నేను చాలాసేపు వేరే ఎవరి గురించో మాట్లాడుతున్నారనుకున్నాను.

‘టైమ్ బ్రజిల్’ అని కనిపిస్తే సమయం అనుకోకండి, పోర్చుగీసులో ‘టీమ్’ను అలా రాస్తారు. కేకలు వేయడానికి ‘వాయ్ బ్రజీవ్’. కొరియా వాళ్లకైతే ‘హ్వాయిటింగ్’, అంటే ఇంగ్లిష్ ఫైటింగే. టోక్యోలో 17 ఏళ్ల కిమ్ జె-డొక్ స్టేడియం దద్దరిల్లేలా అరిచిన మాట అదే.

కొరియా విషయంలో దేశం పేరు కూడా జాగ్రత్తగా చూడాలి. మనం కొరియా అంటున్నది దక్షిణ కొరియాను. స్కోరుబోర్డుపై దాని కోడ్ కేఓఆర్. ఉత్తర కొరియా కోడ్ పీఆర్‌కే. పారిస్ ప్రారంభోత్సవంలో దక్షిణ కొరియా జట్టు పడవలో వస్తుంటే మైకులో ఉత్తర కొరియా పేరు చదివారు. తర్వాత అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ క్షమాపణ చెప్పింది. వేదిక మీదే అలా జరిగినప్పుడు మనం ఒక పోస్టు పెట్టే ముందు ఒకసారి సరిచూసుకోవడంలో తప్పులేదు.

3. గడియారం లెక్క కాగితం మీద వేసుకోండి

ఫ్యాన్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పారిస్ సమయానికి మూడున్నర గంటలు కలిపితే మన సమయం. అంతేకదా అనుకున్నాను. దూదా, ఆనా పత్రీసియాల బీచ్ వాలీబాల్ ఫైనల్ ఆగస్టు 9, రాత్రి 10.30 అని షెడ్యూల్‌లో ఉంది. నేను తొమ్మిదో తేదీ అని గోడ మీద రాసుకుని, ఆ రాత్రి పదిన్నరకు టీవీ ముందు కూర్చున్నాను. అక్కడ అప్పటికి సాయంత్రమే. అసలు మ్యాచ్ మనకు పదో తేదీ తెల్లవారుజామున రెండింటికి. తప్పు గ్రహించి అలారం పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈఫిల్ టవర్ కింద 26-24, 12-21, 15-10తో కెనడాను ఓడించిన ఆ మ్యాచ్ పోగొట్టుకునేదాన్ని. మూడో సెట్లో నెట్ దగ్గర రెండు జట్లూ మాటకు మాట అనుకుంటుంటే, డీజే శాంతి గురించిన ఒక పాత పాట వేశాడు. కోపంగా ఉన్నవాళ్లు నవ్వేశారు, స్టేడియమంతా పాడింది. అదంతా హైలైట్స్‌లో చూస్తే సగమే.

అందుకని ఇలా చేయండి. అధికారిక షెడ్యూల్ వచ్చాక మీ ఆరుగురి పోటీలు మాత్రమే ఒక కాగితం మీద రాయండి. ప్రతిదానికీ అక్కడి తేదీ, సమయం పక్కనే మన తేదీ, సమయం. తేదీ మారిన చోట ఎర్ర పెన్నుతో గీత. ఒలింపిక్స్ యాప్‌లో ఇష్టమైన ఆటగాళ్లను గుర్తుపెట్టుకుంటే నోటిఫికేషన్లు వస్తాయి కానీ, పూర్తిగా దానిమీదే ఆధారపడితే ఫలితం వచ్చాక మోగుతుంది. కాగితాన్ని మించింది లేదు.

ఒకే ఒలింపిక్స్‌లో గడియారాలు రెండు మూడు ఉండొచ్చు. పారిస్ సర్ఫింగ్ పోటీలు పారిస్‌లో జరగలేదు, పసిఫిక్ మధ్యలో ఉన్న తహితిలో జరిగాయి. అక్కడికీ మనకూ తేడా పదిహేనున్నర గంటలు. బ్రెజిల్ సర్ఫర్ గాబ్రియేల్ మెదీనా గాలిలో నిలబడినట్టు, పక్కనే బోర్డు కూడా నిలువుగా లేచినట్టు ఉన్న ఫొటో మీరు చూసే ఉంటారు. అది తహితిదే. పైగా సర్ఫింగ్‌కు అల మంచిగా లేకపోతే పోటీ వాయిదా వేస్తారు, రోజు కూడా మారిపోతుంది.

2028లో లాస్ ఏంజెలిస్. జులై 14 నుంచి 30 వరకు. మన సమయం పన్నెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం 9 అంటే మనకు అదే రోజు రాత్రి 9.30. అక్కడ రాత్రి 7 అంటే మనకు మర్నాడు ఉదయం 7.30. సాయంత్రం జరిగే ఫైనల్స్ మనకు కాఫీ వేళకు వస్తాయన్నమాట. అమెరికాలో ఉన్న మనవాళ్లకు, ముఖ్యంగా బే ఏరియా, సియాటెల్ వాళ్లకు లెక్కే అక్కర్లేదు. డల్లాస్‌లో రెండు గంటలు, న్యూజెర్సీలో మూడు గంటలు కలుపుకుంటే చాలు. కానీ కనూ స్లాలమ్ (ఉరవడిగా పారే నీళ్లలో చిన్న పడవల పోటీ) మాత్రం ఓక్లహోమా సిటీలో జరుగుతుంది, ఆ గడియారం వేరు. బ్రెజిల్‌కు చెందిన ఆనా సాతిలా లాంటివాళ్ల ఆట చూడాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఫుట్‌బాల్ మ్యాచ్‌లు కూడా వేర్వేరు నగరాల్లో.

ఏ చానెల్, ఏ యాప్ అన్నది ప్రతి ఒలింపిక్స్‌కూ మారుతుంది. నెల ముందు చూసుకుని, మొదటి రోజుకు ముందే లాగిన్ అయి ఉంచుకోండి. ఫైనల్ మొదలయ్యాక ఓటీపీ కోసం ఎదురుచూడటమంత టెన్షన్ ఇంకోటి లేదు. ఇంకొకటి, మన చానెళ్లు సహజంగా భారత్ ఆడే మ్యాచ్‌లకే మొదటి చోటు ఇస్తాయి. కాబట్టి టీవీ కన్నా, ఏ కోర్టు కావాలో మీరే ఎంచుకునే అవకాశం ఉన్న యాప్ మేలు.

4. మొదటి రౌండ్ నుంచే చూడండి, ఓడినా లేవకండి

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. ఫైనల్ మాత్రమే చూస్తే గెలుపు కనిపిస్తుంది. ఆ మనిషి కనిపించాలంటే మొదటి రౌండ్ చూడాలి.

విలువిద్య అయితే ప్రారంభోత్సవం కంటే ముందే మొదలవుతుంది. 2024 జులై 25న ర్యాంకింగ్ రౌండ్‌లో కొరియా అమ్మాయి లిమ్ సి-హ్యన్ 72 బాణాలకు 694 పాయింట్లు వేసి ప్రపంచ రికార్డు సృష్టించింది. గరిష్ఠం 720. ఆ రోజు చూసినవాళ్లకు ఆమె మూడు స్వర్ణాలు గెలవడం పెద్ద ఆశ్చర్యంగా అనిపించలేదు. నియమం కూడా కష్టం కాదు. లక్ష్యం 70 మీటర్ల దూరంలో. వ్యక్తిగత పోటీలో సెట్‌కు మూడు బాణాలు, సెట్ గెలిస్తే 2 పాయింట్లు, సమానమైతే చెరొకటి. ముందు 6 పాయింట్లు వచ్చినవాళ్లు విజేత. ఐదు సెట్లకూ 5-5 అయితే ఒక్కో బాణం, మధ్యకు ఎవరిది దగ్గరైతే వాళ్లది గెలుపు. కిమ్ వూ-జిన్, అమెరికాకు చెందిన బ్రేడీ ఎలిసన్ ఫైనల్ అలాగే తేలింది. ఇద్దరికీ పదే. తేడా 4.9 మిల్లీమీటర్లు. దాంతో పారిస్ విలువిద్యలోని ఐదు స్వర్ణాలూ కొరియావే అయ్యాయి. మహిళల జట్టుకైతే 1988 సియోల్ నుంచి వరుసగా పదోది, అది కూడా చైనాతో షూట్ ఆఫ్ దాకా వెళ్లి గెలిచింది.

జూడో, తైక్వాండో చూసేటప్పుడు ‘రెపెషాజ్’ అనే మాట గుర్తుపెట్టుకోండి. ఓడినవాళ్లకు కాంస్యం కోసం ఇంకో దారి అది. తైక్వాండోలో మిమ్మల్ని ఓడించినవాడు ఫైనల్‌కు చేరితే మీకు మళ్లీ అవకాశం వస్తుంది. బ్రెజిల్ ఆటగాడు ఎదివాల్ పొంతెస్ మొదటి బౌట్‌లోనే జోర్డాన్ ఆటగాడి చేతిలో ఓడాడు. ఆ ఆటగాడు ఫైనల్‌కు వెళ్లాడు. పొంతెస్ తిరిగి వచ్చి సాయంత్రానికి కాంస్యం మెడలో వేసుకున్నాడు. ఓడగానే టీవీ కట్టేసినవాళ్లకు మర్నాడు పేపర్లో తెలిసుంటుంది. ఈ ఆటల్లో రెండు కాంస్యాలు ఇస్తారు. పారిస్ జూడో మిశ్రమ జట్ల పోటీలో ఆ రెండూ ఎవరికి వెళ్లాయో తెలుసా? ఒకటి కొరియాకు, ఒకటి బ్రెజిల్‌కు.

జిమ్నాస్టిక్స్‌లో స్కోరు రెండు భాగాలు. ఎంత కష్టమైన విన్యాసం అన్నదానికి ఒకటి, ఎంత చక్కగా చేశారన్నదానికి పదికి ఒకటి. తప్పులకు కోత. ఇంతవరకు తెలిస్తే చాలు, మిగతాది కళ్లతో చూడటమే.

5. వాళ్ల వెనకున్న లెక్క తెలుసుకోండి

కొరియా మగవాళ్లు మూడో స్థానం మ్యాచ్‌లో ఎందుకంత ప్రాణం పెట్టి ఆడతారో మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. అక్కడ మగవాళ్లందరికీ దాదాపు ఏడాదిన్నర సైనిక సేవ తప్పనిసరి. ఒలింపిక్స్‌లో ఏ పతకం వచ్చినా, ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చినా కొద్ది వారాల ప్రాథమిక శిక్షణ, కొన్ని గంటల సమాజ సేవతో సరిపోతుంది. టేబుల్ టెన్నిస్ ఆటగాడు లిమ్ జొంగ్-హూన్ ఆగస్టు 19న సైన్యంలో చేరాల్సి ఉంది. జులై 30న షిన్ యు-బిన్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం గెలిచాడు. ఇరవై రోజుల ముందు! ఈ సంగతి తెలిసి ఆ మ్యాచ్ చూడటం వేరు, తెలియక చూడటం వేరు.

బ్రెజిల్‌లో కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ ‘బోల్సా అట్లెటా’ పేరుతో 2005 నుంచి ప్రభుత్వం ఆటగాళ్లకు నెలనెలా భృతి ఇస్తోంది. సైన్యంలో సార్జెంట్లుగా చేరి జీతం తీసుకుంటూ ఆడేవాళ్లూ చాలామంది, పోడియం మీద సెల్యూట్ చేసేది అందుకే. రెబెకా ఏడుగురు తోబుట్టువుల మధ్య, ఒంటరి తల్లి పెంపకంలో పెరిగింది. చిన్నప్పుడు జిమ్‌కు నడిచివెళ్లిన రోజులున్నాయి. కుడి మోకాలికి మూడుసార్లు ఆపరేషన్ అయింది. ఆ మోకాలితోనే పారిస్‌లో నాలుగు పతకాలు.

దయచేసి ‘కొరియా వాళ్లు యంత్రాలు, బ్రెజిల్ వాళ్లు డ్యాన్సర్లు’ లాంటి మాటలు నమ్మకండి, ఇంకొకరికి చెప్పకండి. కామెంటేటర్ల నోట ఈ మాటలు తరచూ వస్తుంటాయి. ఆన్ సె-యంగ్ స్వర్ణం గెలిచిన గంటల్లోనే తన మోకాలి గాయాన్ని పట్టించుకున్న తీరు బాగాలేదని బాహాటంగా మాట్లాడింది. యంత్రం అలా మాట్లాడుతుందా?

6. ఇద్దరూ ఒకరితో ఒకరు ఆడితే

ఇది తప్పదు. 2021 ఆగస్టు 6న టోక్యోలో మహిళల వాలీబాల్ సెమీఫైనల్లో బ్రెజిల్ కొరియాను 25-16, 25-16, 25-16తో ఓడించింది. కొరియా కెప్టెన్ కిమ్ యాన్-కుంగ్‌కు అదే చివరి ఒలింపిక్స్. బ్రెజిల్ బాగా ఆడినందుకు ఆనందపడాలో, ఆమె ముఖం చూసి బాధపడాలో తెలియలేదు. అప్పటినుంచి నాకు నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే. అలాంటి మ్యాచ్‌కు జట్టును కాదు, ఒక మనిషిని ఎంచుకుంటాను. పారిస్ టేబుల్ టెన్నిస్ మ్యాచ్‌లో నేను బ్రూనా అలెశాంద్రే వైపు. ఒక చెయ్యి లేకుండానే ఒలింపిక్స్‌లో, పారాలింపిక్స్‌లో కూడా ఆడిన మొదటి బ్రెజిల్ క్రీడాకారిణి ఆమె. మ్యాచ్ కొరియా 3-1తో గెలిచింది. నేను చూడాలనుకున్నది చూశాను.

మనవాళ్లు ఎదురైనప్పుడు? పారిస్ విలువిద్య మిక్స్‌డ్ టీమ్ సెమీఫైనల్లో విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్, అంకిత భకత్ జోడీ ఎదుట నిలబడింది కిమ్ వూ-జిన్, లిమ్ సి-హ్యన్. నేను ధీరజ్ వైపే, ఆలోచించాల్సిన పనే లేదు. 6-2తో ఓడిపోయాం. అయినా కొరియా బాణాలను ఏళ్లుగా చూస్తున్నాను కాబట్టే, వాళ్ల మీద ఆ 2 పాయింట్లు తేవడం ఎంత పెద్ద పనో నాకు తెలుసు. సింధుకు టోక్యో కాంస్యం వచ్చినప్పుడు కోచ్ కుర్చీలో ఉన్నది కూడా కొరియాకు చెందిన పార్క్ తె-సాంగే.

ఒక మాట మాత్రం పాటించండి. ఓడినవాళ్ల ఖాతాల కింద తిట్లు రాయకండి, రాసేవాళ్లకు లైకులు కొట్టకండి. టోక్యోలో గెలుస్తున్న ఆన్ సాన్‌ను సైతం పొట్టి జుట్టు ఉందని ఆన్‌లైన్‌లో వేధించారు. ఆ అమ్మాయికి అప్పుడు ఇరవై ఏళ్లు.

7. మధ్యలో ఉన్న నాలుగేళ్లు

ఒలింపిక్స్ అయిపోగానే వదిలేస్తే మళ్లీ మొదటి నుంచి పేర్లు నేర్చుకోవాలి. కొరియా వాళ్లను ఆసియా క్రీడల్లో చూడొచ్చు. 2026లో అవి జపాన్‌లోని ఐచి-నగోయాలో, సెప్టెంబర్ 19 నుంచి అక్టోబర్ 4 వరకు. బ్రెజిల్ వాళ్లకు అలాంటివే పాన్ అమెరికన్ క్రీడలు, 2027లో పెరూ రాజధాని లిమాలో. అదే ఏడాది మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్ బ్రెజిల్‌లోనే. బ్యాడ్మింటన్ టూర్ దాదాపు ఏడాది పొడవునా, విలువిద్య ప్రపంచ కప్ ఏటా కొన్ని నెలలపాటు ఉంటాయి. వాలీబాల్ నేషన్స్ లీగ్ వేసవిలో.

లాస్ ఏంజెలిస్‌లో మొదటిసారిగా కాంపౌండ్ విల్లు (చివర్లలో కప్పీలు ఉండే విల్లు) మిక్స్‌డ్ టీమ్ పోటీ పెడుతున్నారు. పారిస్ ఒలింపిక్స్‌లో ఉన్నది కప్పీలు లేని రికర్వ్ విల్లు ఒక్కటే. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఇదే కాంపౌండ్ మిక్స్‌డ్ ఫైనల్లో జ్యోతి సురేఖ, ఓజస్ దేవ్‌తలే కొరియాను 159-158తో ఓడించారు. గరిష్ఠం 160. వ్యక్తిగత ఫైనల్లో సురేఖ చేతిలో 149-145తో ఓడింది కొరియా అమ్మాయి సో చె-వన్. కొరియా ఈ విభాగానికి ఎవరిని తయారుచేస్తోందో ఇప్పటినుంచే చూస్తూ ఉండండి. ఆ పేర్లను కూడా మీ కాగితంలో చేర్చుకోండి.